కుక్కకు అన్నం వేళయింది

(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



నా వెనక బ్యానరు మీద మాస్టారి పూర్తి పేరు, డిగ్రీలు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం అన్నీ అచ్చయ్యాయి. ఆ పేరు పెట్టి ఆయన్ని పిలిచినవాళ్లు ఈ హాల్లో ఒక్కరైనా ఉన్నారని నేననుకోను. ఆయన మనకు మాస్టారు. ఈ కాసేపూ నేనూ అలాగే అంటాను.

చెప్పింది లెక్కలు, బతికింది సినిమాలతో. నెలకో ఆదివారం సాయంత్రం ఇదే హాల్లో బొమ్మ వేసేవారు. ప్రింటు ఒక ఫిల్మ్ సొసైటీ నుంచి ఇంకో సొసైటీకి చేతులు మారుతూ రేకు పెట్టెల్లో, రైలు పార్సిల్లో వచ్చేది. పార్సిలాఫీసు నుంచి పెట్టెను సైకిల్ క్యారియరు మీద కట్టుకు రావడం ఆయన పని. గోడకు తెల్ల దుప్పటి బిగించి, ముడతలు పోయేలా నీళ్లు చిలకరించడం పిల్లకాయలం మా పని. ఉన్నది ఒకే ప్రొజెక్టరు. రీలు మార్చేటప్పుడల్లా లైటు వేయాల్సిందే. ఆ రెండు నిమిషాల్లో మాస్టారు ముందుకొచ్చి, కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు అందుకోలేని మాకోసం, అంతదాకా జరిగిన కథ తెలుగులో చెప్పేవారు.

అలా చూసినవాటిలో ఒకటి ఇటలీవాళ్ల ‘ఉంబెర్తో డి’. సగం బొమ్మయ్యేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఒక ముసలాయన, ఒక కుక్క, అద్దె బాకీ. పాట లేదు, ఫైటు లేదు. మిగిలిన పదిహేనుమందినీ కూర్చోబెట్టి మాస్టారు ఎప్పటిలాగే ఒకే ప్రశ్న వేశారు: “ఇందులో కుక్క చేసిన గొప్ప పని ఏమిట్రా?” టోపీ నోట కరుచుకుని నిలబడింది అన్నాను నేను. దాక్కున్న యజమానిని వెతికి పట్టుకుంది అన్నాడొకడు. చచ్చిపోబోయే మనిషిని ఆపింది అన్నాడు ఇంకొకడు. మాస్టారు తల అడ్డంగా ఊపి, “రోజూ దానికి ఆకలెయ్యడం” అన్నారు. మేం ఘొల్లున నవ్వాం.

అది నవ్వే మాట కాదని తెలియడానికి నాకు పాతికేళ్లు పట్టింది. ఇవాళ్టి నా ఉపన్యాసం ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానం, అంతకు మించి ఏమీ లేదు.

విశ్వాసం ఎవరిది?

కుక్క అనగానే మన నోట వచ్చే మాట విశ్వాసం. చిన్నప్పుడు కుక్క మీద వ్యాసం రాయమంటే మొదటి వాక్యమే అది. ఇదే నోటితో కుక్క బతుకు అంటాం, కుక్క చావు అంటాం, చెడిన సంసారాన్ని కుక్కలు చింపిన విస్తరి అంటాం. దాని గుణాన్ని మెచ్చుకుంటాం, దాని బతుకును మాత్రం తిట్టుగా వాడుకుంటాం. పనిమనిషిని నమ్మకస్తురాలని మెచ్చుకుంటూ జీతం పెంచని ఇంటి యజమాని తీరు ఇది.

మన సినిమా కూడా చాలాకాలం ఆ మెచ్చుకోలు దగ్గరే ఆగింది. 1985లో హిందీలో ‘తేరీ మెహర్బానియా’ వచ్చింది. ‘తాళియ భాగ్య’ అనే కన్నడ చిత్రానికి అది మళ్లీ తీసిన రూపం. యజమానిని చంపినవాళ్ల మీద కుక్క పగ తీర్చుకుంటుంది. జనం ఏడ్చారు, ఈలలూ వేశారు. నేనూ ఏడ్చినవాణ్ణే. అయితే అందులో కుక్క తిన్న అన్నానికి లెక్క అప్పజెప్పిన బంటు. మనిషి బాకీపడింది ఏమైనా ఉందా అన్న ప్రశ్న ఆ కథకు తట్టదు.

ఒంటరి మనిషినీ కుక్కనూ పక్కపక్కన పెట్టిన మంచి సినిమాలు ఈ లెక్కను తిరగేస్తాయి. కుక్క విశ్వాసాన్ని అవి ఉన్నదున్నట్టుగా తీసుకుని వదిలేస్తాయి. పరీక్ష పెట్టేది మనిషికి. ఆ పరీక్ష రోజుకు రెండుసార్లు, గిన్నె దగ్గర జరుగుతుంది.

లాగూలోంచి బయటపడిన తోక

చార్లీ చాప్లిన్ 1918లో ‘ఎ డాగ్స్ లైఫ్’ తీశాడు. అరగంట పైచిలుకు మూగ చిత్రం. పేరులోనే మెలిక ఉంది. కుక్క బతుకు ఎవరిది, కుక్కదా, మనిషిదా? కంచె పక్కన ఖాళీ జాగాలో దేశదిమ్మరి పడుకుని ఉంటాడు. అక్కడికి దగ్గర్లోనే స్క్రాప్స్ అనే వీధికుక్క పడుకుని ఉంటుంది. తర్వాత ఉద్యోగాలిచ్చే ఆఫీసులో బల్ల మీద కూర్చున్న నిరుద్యోగులు. కిటికీ తెరవగానే చాప్లిన్ లేస్తాడు, మిగతావాళ్లు తోసుకుని ముందుకు దూరతారు. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి ఉరుకుతూనే ఉంటాడు, ఉద్యోగాలు అయిపోతాయి. ఆ వెంటనే వీధిలో ఒక ఎముక కోసం స్క్రాప్స్ మీద పడే కుక్కల గుంపు. రెండు దృశ్యాలనీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వ్యాఖ్యానం ఏమీ లేకుండా వదిలేశాడు.

అందులో నాకు మరపురానిది తోక. కుక్కలకు ప్రవేశం లేని నాట్యశాలలోకి చాప్లిన్ స్క్రాప్స్‌ను లాగూలో దాచుకుని వెళ్తాడు. లాగూకు వెనక చిల్లు. అందులోంచి తోక బయటికొచ్చి ఊగుతుంటుంది. చూసినవాడికి అది మనిషి తోకే. మొదటి దృశ్యంలో పక్కపక్కన పడుకున్న ఇద్దరు ఇక్కడికొచ్చేసరికి ఒకే ఒంటి మనిషయ్యారు. పేదవాడికీ వీధికుక్కకూ తేడా ఒక్క చిల్లులాగూ అనే మాటను నవ్వించి చెప్పాడు.

చివర్లో చాప్లిన్‌కు పొలం దొరుకుతుంది, పెళ్లాం దొరుకుతుంది. దంపతులిద్దరూ ఉయ్యాల తొట్టిలోకి మురిపెంగా వంగి చూస్తారు. మనం బిడ్డ అనుకుంటాం. తొట్టిలో స్క్రాప్స్, దాని పిల్లలు! ఈ తొట్టిని గుర్తుపెట్టుకోండి, నూట నాలుగేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

ఇంటిపేరు రాలిపోయిన మనిషి

ఇక మాస్టారి సినిమా. ‘ఉంబెర్తో డి’ 1952లో విడుదలైంది. దర్శకుడు విట్టోరియో డి సికా, రచయిత చెజారె జవట్టీని. నాలుగేళ్ల ముందు ‘బైసికిల్ థీవ్స్’ ఇచ్చిన జంట ఇదే. డి సికా ఈ చిత్రాన్ని తన తండ్రికి అంకితమిచ్చాడు. ఆ తండ్రి పేరూ ఉంబెర్తోనే.

కథానాయకుడి పూర్తి పేరు ఉంబెర్తో దొమెనీకో ఫెర్రారి. ప్రభుత్వ పనుల శాఖలో ముప్ఫయ్యేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాడు. సినిమా పేరులో ఆ ఇంటిపేరు రాలిపోయి, మధ్యపేరు ఒక పొడి అక్షరంగా మిగిలింది. మొదటి దృశ్యంలోనే వృద్ధులు రోమ్ వీధుల్లో పింఛను పెంచమని ఊరేగింపు తీస్తారు. అనుమతి లేదని పోలీసు జీపులు వచ్చి చెదరగొడతాయి. గోడ వారగా ఒగురుస్తూ నిలబడ్డవాళ్లలో ఉంబెర్తో ఒకడు. పక్కన ఫ్లైక్ అనే చిన్న మచ్చల కుక్క. ఇంటావిడకు అద్దె బాకీ 15,000 లీరాలు. కొంత కడతానంటే ఆవిడ ఒప్పుకోదు, మొత్తం ఒకేసారి పడేయాలి. గడియారం అమ్ముతాడు, పుస్తకాలు అమ్ముతాడు. ధర్మభోజనశాలలో తన పళ్లెం మెల్లగా బల్ల కిందికి దించి ఫ్లైక్‌కు పెడతాడు. అరువు అడగబోతే పాత స్నేహితులు బస్సు వచ్చిందంటూ జారుకుంటారు.

ఆయనేమీ పుణ్యమూర్తి కాడు. చిరాకు మనిషి. ఆ ఇంట్లో పనిచేసే మరియా అనే పల్లెటూరి పిల్ల తను కడుపుతో ఉన్నానని, తండ్రి తనేనని ఇద్దరు సిపాయిల్లో ఎవరూ ఒప్పుకోరని చెబుతుంది. ఈయన కాస్త జాలిపడి మళ్లీ తన అద్దె గొడవలో పడిపోతాడు. వ్యాకరణం నేర్చుకో, రానివాళ్లను లోకం మోసం చేస్తుంది అని ఆ పిల్లకు నీతి చెబుతాడు. ఇక్కడ నాకు నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ పాత్ర వేసిన కార్లో బట్టిస్తీ నటుడు కాడు. ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యుడు. ఇటాలియన్ మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పెద్ద నిఘంటువును ఇంకొకరితో కలిసి తయారుచేసినవాడు. అప్పటికి ఏడు పదులకు దగ్గరపడ్డాడు. మాటల వేళ్లు తవ్వుతూ జీవితం గడిపిన పండితుణ్ణి తెచ్చి, మాట రాని ప్రాణి ఎదురుగా నిలబెట్టాడు డి సికా. ఇద్దరికీ కెమెరా ముందు నటించడం రాదు. ఆ రాకపోవడంలోనే ఈ సినిమా సత్తా ఉంది.

మూడు చోట్ల మీతో కాస్త ఆగుతాను.

మొదటిది గ్లాసు. ఉంబెర్తో జ్వరంతో ఆస్పత్రిలో చేరతాడు. తిరిగొచ్చేసరికి ఫ్లైక్ లేదు. ఇంటావిడ తలుపు తెరిచి ఉంచింది, కుక్క పోయింది. టాక్సీ ఎక్కి ఊరకుక్కల్ని పట్టి ఉంచే చోటుకు పరుగెడతాడు. టాక్సీవాడికి ఇవ్వడానికి చేతిలో ఉన్నది వెయ్యి లీరాల నోటు. చిల్లర ఎవరూ ఇవ్వరు, ఏదైనా కొంటేనే ఇస్తామంటారు. ఆ కంగారులో అక్కరలేని గాజుగ్లాసు ఒకటి కొని, చిల్లర పుచ్చుకుని, గ్లాసును అక్కడే విసిరికొడతాడు. ప్రతి లీరా లెక్కపెట్టుకునే మనిషి అలా విసిరేస్తే, ఆయన భయం ఎంతటిదో మనకు వేరే చెప్పక్కర్లేదు. లోపల పట్టుకొచ్చిన కుక్కల్ని బోనుబండిలో గ్యాసు గదికి తోస్తుంటారు. రుసుము కట్టలేక ఒకాయన తన కుక్కను విడిపించుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటాడు. ఫ్లైక్ దొరికాక మనకు ఊపిరి తిరుగుతుంది, ఆ రుసుము కట్టలేనాయన ముఖం మాత్రం మనసులోంచి పోదు.

రెండోది అరచెయ్యి. పాంథియన్ స్తంభాల నీడలో ఉంబెర్తో అడుక్కోవడం సాధన చేస్తాడు. చెయ్యి కొంచెం చాపుతాడు, ముడుస్తాడు, మళ్లీ చాపుతాడు. దారినపోయే పెద్దమనిషి ఆగి డబ్బు తియ్యబోయేసరికి అరచేతిని తటాలున బోర్లా తిప్పి, వాన పడుతోందా అని చూస్తున్నట్టు ఆకాశంకేసి చూస్తాడు. తర్వాత టోపీని ఫ్లైక్ నోటికిచ్చి, వెనక కాళ్ల మీద నిలబెట్టి, తను స్తంభం చాటుకు పోతాడు. తెలిసిన పాత అధికారి ఎదురుపడగానే బయటికొచ్చి, ఏదో ఆడుకుంటోందండీ అని బొంకుతాడు. తను చెయ్యలేని పనిని కుక్కకు అప్పజెప్పిన ఆ ఒక్క నిమిషానికి ఆయన సిగ్గుపడినంతగా, ఇంటావిడ చేసిన ఏ అవమానానికీ పడలేదు. మన పల్లెల్లో అప్పడగడానికి ఎదురింటి గుమ్మం దాకా వెళ్లి, మజ్జిగ ఉందా అని అడిగి వచ్చేసినవాళ్లను నేనెరుగుదును. అరచెయ్యి బోర్లా పడటమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మూడోది కిటికీ. ఇక బతకలేననుకున్న రాత్రి ఆయన కిటికీలోంచి కిందికి చూస్తాడు. కెమెరా ఒక్కసారిగా వీధిలో పరిచిన రాళ్లమీదికి దూసుకుపోతుంది. అంతలో తల తిప్పుతాడు. మంచం మీద ఫ్లైక్ నిద్రపోతోంది. ఆయన ఆగిపోతాడు. ఎందుకు ఆగాడు? ప్రేమ పొంగి కాదు. దీనికి రేపు అన్నం ఎవరు పెడతారు అన్నది తేలలేదు కనుక. సినిమా తర్వాతి భాగమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే. డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే దంపతుల దగ్గరికి తీసుకెళ్తాడు. అక్కడి కుక్కల్ని చూసి ఫ్లైక్ బెదిరిపోతే వదల్లేక తెచ్చేసుకుంటాడు. తోటలో ఆడుకునే చిన్నపాపకు ఇవ్వబోతాడు, పాప తరఫువాళ్లు వద్దంటారు. చిన్న వంతెన కింద దాక్కుంటాడు, ఫ్లైక్ వెతుక్కుంటూ వచ్చేస్తుంది. మాస్టారు చెప్పిన ఆకలి ఇదే. ఆయన్ని ఇంకో రోజుకు, ఇంకో రోజుకు లాక్కొచ్చింది ఫ్లైక్ చేసిన ఘనకార్యం ఏదీ కాదు, దాని పొట్ట.

ఆఖరికి కుక్కను చంకలో పెట్టుకుని రైలు పట్టాల దగ్గరికి వెళ్తాడు. రైలు దూసుకొస్తుంటే ఫ్లైక్ కీచుమని గింజుకుని చేతుల్లోంచి జారిపోతుంది. దాని వెనక ఆయన. రైలు వెళ్లిపోతుంది. తర్వాత వచ్చే రెండు నిమిషాల కోసమే నేను ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూస్తాను. ఉంబెర్తో పిలుస్తాడు, ఫ్లైక్ రాదు. దూరంగా చెట్టు చాటున నిలబడి అనుమానంగా చూస్తుంది. విశ్వాసానికి మారుపేరని మనం చెప్పుకునే కుక్కకు ఇక్కడ మనిషి మీద నమ్మకం పోయింది. పోగొట్టింది మనిషి. ఆయన కింద రాలిన పైన్ కాయ ఒకటి తీసుకుని విసరబోతున్నట్టు ఆడించి, బతిమాలి, గెంతి, మెల్లమెల్లగా ఆ నమ్మకాన్ని తిరిగి సంపాదించుకుంటాడు. ఇద్దరూ ఆడుకుంటూ చెట్ల బాట వెంట దూరమవుతారు, పిల్లలు తెరనిండా పరుగెత్తుకొస్తారు. సినిమా అయిపోతుంది. అద్దె బాకీ తీరలేదు, పింఛను పెరగలేదు, రాత్రికి తలదాచుకునే చోటు లేదు. దొరికినదల్లా కుక్క నమ్మకం ఒక్కటే, అదీ కష్టపడి సంపాదించుకోవాల్సి వచ్చింది.

ఇటలీలో ఈ చిత్రం ఆడలేదు. అప్పట్లో సినిమా వ్యవహారాలు చూసే ఉపమంత్రి జూలియో అంద్రియొత్తి బహిరంగ లేఖే రాశాడు. ఇంటి గుట్టు వీధిన పెట్టి డి సికా దేశానికి అపకారం చేశాడన్నది ఆయన బాధ. అదే అంద్రియొత్తి ఆ తర్వాత పలుమార్లు ప్రధానమంత్రి అయ్యాడు. ఉంబెర్తో ఇప్పటికీ గోడ వారనే నిలబడి ఉన్నాడు.

స్టేషన్ దగ్గరి విగ్రహం

ఇంతలో మీలో ఎవరో హచికో ఏదండీ అని అడగబోతున్నారు. చెబుతాను.

హచికో కథ కట్టుకథ కాదు. జపాన్‌లోని అకితా ప్రాంతంలో 1923లో పుట్టిన కుక్క. టోక్యోలో వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు ఉఎనో హిదెసబురో దాన్ని పెంచాడు. 1925 మే నెలలో ఆయన హఠాత్తుగా పోయారు. అప్పటినుంచి 1935 మార్చిలో తను పోయేదాకా హచికో షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసింది. 1987లో జపనీయులు ‘హచికో మొనొగతారి’ తీశారు, ప్రొఫెసరుగా తత్సుయా నకదాయ్ నటించాడు. 2009లో అమెరికా స్టేషనుకు మార్చి రిచర్డ్ గేర్‌తో మళ్లీ తీశారు. మన ఇళ్లలో ఎక్కువమంది చూసి కళ్లు తుడుచుకున్నది ఈ రెండోదే.

ఆ కన్నీళ్లను నేను తక్కువ చెయ్యను. కానీ విగ్రహం కథ కూడా వినండి. 1934లో హచికో బతికుండగానే స్టేషన్ దగ్గర కంచు విగ్రహం వెలిసింది. చేసిన మేలు మరవకూడదని బడిపిల్లలకు చెప్పే నీతిపాఠంలోకి ఆ కుక్క ఎక్కింది. పిల్లల్ని విధేయులైన ప్రజలుగా తయారుచేసుకుంటున్న కాలం అది. తర్వాత యుద్ధంలో లోహం కావలసివచ్చి ఆ కంచు విగ్రహాన్నే కరిగించేశారు. ఇప్పుడున్నది 1948లో మొదటి శిల్పి కొడుకు చేసినది. విశ్వాసాన్ని పూర్తిగా కుక్క నెత్తిన పెడితే ఏమవుతుందో చూడండి. అది రాజ్యానికి పనికొస్తుంది, ఆ తర్వాత కొలిమికి పనికొస్తుంది.

చనిపోయిన హచికోను పరీక్షించినప్పుడు దాని కడుపులో మాంసం గుచ్చి కాల్చే పుల్లలు దొరికాయి. ప్రొఫెసరు దగ్గర తోటపని చేసినాయన దాన్ని చేరదీశాడు, స్టేషన్ చుట్టుపక్కలవాళ్లు తినడానికి పెట్టారు. ఆ పదేళ్లూ దానికి ఎవరో ఒకరు కడుపు నింపబట్టే ఎదురుచూపు సాగింది. పాఠ్యపుస్తకానికి ఆ పుల్లల సంగతి అక్కర్లేకపోయింది. నాకు మాత్రం కంచు విగ్రహం కంటే ఆ పుల్లలే మనుషుల గురించి ఎక్కువ చెబుతాయి.

ధర్మరాజు, ధర్మ, లాంగ్

కుక్క విషయంలో మనిషికి పరీక్ష పెట్టే కథ మనకు కొత్తేమీ కాదు. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటు లేదంటాడు. అయితే నాకూ వద్దంటాడు ధర్మరాజు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదలను అన్నదే ఆయన వాదం. తిక్కన తెలుగు చేసిన భాగంలోనిదే ఈ కథ. గమనించండి, అక్కడ కుక్క పరాక్రమమేమీ లేదు. ఊరికే వెంట వచ్చింది, అంతే. పరీక్ష రాసింది మనిషి. జూదంలో భార్యను ఒడ్డిన మనిషి, చివరి పరీక్షలో కుక్కను ఒడ్డనన్నాడు.

ఈ కథ నీడ ‘777 చార్లీ’ మీద పడింది. 2022 జూన్ 10న విడుదలైన కన్నడ చిత్రం, తెలుగులోనూ అదే రోజు వచ్చింది. దర్శకుడు కిరణ్‌రాజ్ కె., నాయకుడు రక్షిత్ శెట్టి. పాత్ర పేరే ధర్మ. ఫ్యాక్టరీ, ఇల్లు, సిగరెట్లు, ఎవరితోనూ పడదు, కాలనీలో పిల్లలకు ఆయనంటే హడల్. టీవీలో చూసేది చాప్లిన్ బొమ్మ. డబ్బు కోసం కుక్కల్ని ఈనించే దుర్మార్గుడి నుంచి తప్పించుకొచ్చిన లాబ్రడార్ ఈ ఇంట్లో చేరుతుంది. ధర్మ పెట్టిన పేరు చార్లీ. దగ్గరి రక్తంలోనే ఈనించడం వల్ల దానికి క్యాన్సర్ వచ్చిందని తెలిశాక, మంచు అంటే దానికున్న ఇష్టం తీర్చాలని మైసూరు నుంచి హిమాలయాల దాకా తీసుకెళ్తాడు.

సినిమా నిడివి ఎక్కువ, ఏడిపించాలన్న పట్టుదలా కాస్త ఎక్కువే. ఆ మాట చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. అయినా ఉత్తరదిక్కుగా, మంచు కొండలకు, ధర్మ అనేవాడు కుక్కను వెంటబెట్టుకుని వెళ్లడం చూసినప్పుడు భారతం తెలిసిన ప్రేక్షకుడికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇక్కడ కుక్క మనిషి వెంట రావడం లేదు, మనిషే కుక్క కోసం నడుస్తున్నాడు. చివరికి చార్లీ పోతూ ఒక పిల్లను వదిలిపోతుంది. చాప్లిన్ ఉయ్యాల తొట్టి గుర్తుందా? 1918లో ఆ తొట్టిలో ఉన్నది 2022లో మంచులో దొరికింది. ఒంటరివాడి ఇంట్లో మళ్లీ ఒక గిన్నె పెట్టవలసి వచ్చింది.

చైనా నుంచి 2024లో ‘బ్లాక్ డాగ్’ వచ్చింది. గ్వాన్ హూ తీసిన ఈ చిత్రానికి ఆ ఏడాది కాన్ ఉత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగపు ప్రథమ బహుమతి దక్కింది. జైలు నుంచి వచ్చిన లాంగ్ దాదాపు మాట్లాడడు. గోబీ ఎడారి అంచున ఊరు ఖాళీ అవుతోంది, పనివాళ్లు పోయిన ఇళ్ల దగ్గర కుక్కలు మిగిలాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముందు ఊరు శుభ్రం చెయ్యాలని కుక్కల్ని పట్టే ముఠాలో అతణ్ణి చేర్చుకుంటారు. పిచ్చిదని ఊరంతా భయపడే నల్లకుక్క అతన్ని కరుస్తుంది. ఒకళ్లకొకళ్లు కాపలాగా కొన్నాళ్లు గడుపుతారు. ఉంబెర్తో వణికిపోతూ వెళ్లిన ఆ బోనుల చోటును డెబ్భై ఏళ్ల తర్వాత ఈ సినిమా బోను పట్టుకున్నవాడి వైపునుంచి చూపించింది. లాంగ్‌గా నటించిన ఎడ్డీ పెంగ్ షూటింగు అయ్యాక ఆ కుక్కను ఇంటికి తీసుకెళ్లి పెంచుకున్నాడు.

వీధికుక్కల కాటుకు పిల్లలు బలవుతున్న రోజుల్లో నిలబడి ఈ మాటలు చెబుతున్నానని నాకు తెలుసు. కుక్కలకు పునరుత్పత్తి ఆపే శస్త్రచికిత్సలు, టీకాలు మునిసిపాలిటీలు చెయ్యవలసిన పని. ఆ పని ఎగ్గొట్టి కుక్కను తిట్టేవాళ్లనీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి జంతుప్రేమ బోధించేవాళ్లనీ నేను సమర్థించను. ఈ సినిమాలు కూడా సమర్థించవు. అవి అడిగేది ఒక్కటే: నిన్ను నమ్మి నీ గుమ్మంలో పడుకున్నదాని పూచీ ఎవరిది?

లెక్కల పుస్తకం

ఇక మాస్టారి దగ్గరికొచ్చి ముగిస్తాను.

అమ్మగారు పోయాక, కూతురు నాగపూర్‌లో స్థిరపడ్డాక, ఆ ఇంట్లో ఆయన ఒక్కరే. ఒక వానాకాలం చెవి చిరిగిన గోధుమరంగు ఊరకుక్క అరుగెక్కింది, దిగలేదు. దానికి పేరు పెట్టలేదు. స్కూల్లో తోటి మాస్టర్లను పిలిచినట్టే “ఏమోయ్” అని పిలిచేవారు, అదే పేరయింది. పొద్దున, సాయంత్రం సొట్టపడిన సత్తుగిన్నెలో పెరుగన్నం. గిన్నె అడుగున ఎప్పుడూ కాస్త మిగిల్చేది, ఆయన దాన్ని కాకులకు వేసేవారు.

ఈ హాల్లో సభలు జరుగుతుంటే ఏడున్నరకు మాస్టారు గడియారం చూసుకుని లేచేవారు. ఎంత పెద్ద వక్త మాట్లాడుతున్నా సరే, “కుక్కకు అన్నం వేళయింది” అని వెళ్లిపోయేవారు. ఉపన్యాసాలు భరించలేక చెప్పే వంక అనుకుని మేం వెనక కూర్చుని ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. ‘ఉంబెర్తో డి’ చూసిన రాత్రి నవ్వినట్టే.

ఆయన చివరి రెండేళ్లు కళ్లకు శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పారు. వచ్చే నెల, పండగెళ్లాక అని వాయిదా వేస్తూ వచ్చారు. సినిమాకు మొదటి వరసలో, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చునేవారు. పెద్దాయన మొండి అనుకున్నాం. ఆయన పోయాక కాగితాలు సర్దుతుంటే గళ్ల నోటుపుస్తకం ఒకటి కనబడింది. ఒక పేజీలో లెక్క వేసినట్టు పొందికగా రాసి ఉంది. పైన: ఆస్పత్రి, నాగపూర్‌లో విశ్రాంతి, మొత్తం పన్నెండు రోజులు. కింద నాలుగు పేర్లు. ప్రతి పేరు పక్కనా కారణం రాసి, అడ్డంగా గీత కొట్టి ఉంది. ఒకరింట్లో పసిపిల్ల. ఒకరికి కుక్కంటే భయం. ఒకరికి నైట్ డ్యూటీ. మూడో పేరు నాది. పక్కన “ఊళ్లో ఉండడు” అని ఉంది.

ఉండేవాణ్ణే. అడిగి ఉంటే ఉండేవాణ్ణే. ఆయన అడగలేదు. అరచెయ్యి బోర్లా తిప్పి, వాన పడుతోందా అని చూసి ఊరుకున్నారు. రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు ఆ అరుగు మీద కూర్చుని కాఫీ తాగిన నేను, “మాస్టారూ, మీరు ఆస్పత్రికెళ్తే ఏమోయ్ సంగతేమిటి?” అని ఒక్కసారి అడగలేదు. డి సికా మీద అరడజను వ్యాసాలు రాసినవాణ్ణి.

ఏమోయ్ గురించి కూడా చెప్పాలి. అది హచికోలా గేటు దగ్గర కాపు కాయలేదు. మూడో రోజున ఎదురుగా ఇస్త్రీ బండి కిందికి మారింది, అక్కడివాళ్లు అన్నం పెడుతున్నారు కనుక. మాస్టారు చూస్తే సంతోషించేవారు.

ఈ స్మారక సమితికి నాదొక విన్నపం. ఏటా ఉపన్యాసం పెట్టండి, సినిమా వెయ్యండి, మంచిదే. దాంతోపాటు ఒక రిజిస్టరు పెట్టండి. ఈ ఊళ్లో ఒంటరిగా ఉంటూ కుక్కనో పిల్లినో ఆవునో సాకుతున్న పెద్దవాళ్లు ఆస్పత్రికి వెళ్లవలసి వస్తే, ఆ రోజుల్లో వాటికి మేత, అన్నం ఎవరు పెడతారో అందులో పేర్లుండాలి. పెద్దవాళ్లు వచ్చి అడగరు, మనమే వెళ్లి చెప్పాలి. హాలు బయట బల్ల మీద ఒక గళ్ల పుస్తకం ఉంచాను. మొదటి పేరు నేను రాశాను. పక్కన “ఊళ్లోనే ఉంటాడు” అని రాశాను. వెళ్లేటప్పుడు మీ పేరు, ఫోన్ నంబరు, ఏ వీధిలో ఉంటారో రాసి వెళ్లండి.